మెట్లు లేని గది అడిగితే రెండో అంతస్తు ఇచ్చారు

అరకులో గది మాట్లాడుకునేటప్పుడు ఫోనులో రెండే అడిగాను: గది కింది అంతస్తులో ఉండాలి, బాత్రూంలో కమోడ్ ఉండాలి. మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ అయిందని, ఇంకా చేతికర్రతోనే నడుస్తున్నానని కూడా చెప్పాను. ‘అన్నీ ఉన్నాయి సార్’ అంటూ రెండు వేలు అడ్వాన్సు వేయించుకున్నారు.

విశాఖ నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ప్రయాణం హాయిగానే సాగింది. చీకటి పడ్డాక చేరితే చేతికిచ్చిన తాళంచెవి రెండో అంతస్తుది. లిఫ్టు లేదు. ఎక్కడం ఎలాగో ఎక్కినా, తెల్లవారుజామున ఫొటోలకు దిగాలి కదా! మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ భారం. ఇదేమిటని అడిగితే మేనేజరు, ‘కింద గది ఉంది సార్, వెయ్యి ఎక్కువవుతుంది’ అన్నాడు. అంటే గది ఖాళీగానే ఉంది! మా ఆవిడ సాధారణంగా ఎవరితోనూ మాట పెంచుకోదు. ఆ రాత్రి మాత్రం ‘ఈయన కాలు చూసి రేటు పెంచుతున్నారా?’ అని నిలదీసింది. అతను బల్ల మీది పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నాడు. సామాను మళ్లీ కారెక్కించాం.

కాస్త దూరంలో ఒక కుటుంబం నడుపుతున్న ఇంట్లో 1,400 రూపాయలకు గది దొరికింది. మెట్లు లేవు. కట్టెల పొయ్యి మీద కాచిన వేడినీళ్లు అడగకుండానే వచ్చాయి. ఏజెన్సీలో పండిన రాజ్మాతో కూర, వేడన్నం, మనిషికి 120. ఆ కూర తిన్నాక గానీ మా ఆవిడ ముఖం విచ్చుకోలేదు.

ఇక ఫొటోల సంగతి. పాడేరు దగ్గరి వంజంగి మేఘాల కొండకు మా బావమరిది ఒక్కడే వెళ్లాడు. ఫోనులో తీసిన మబ్బుల సముద్రం చూపిస్తుంటే ప్రాణం కొట్టుకుంది. కానీ చివర కాలినడకన ఎక్కాలి, మంచుకు తడిసిన మట్టి జారుతుంది. మోకాలు బాగుపడుతున్నవాళ్లు ఈ ఏడాదికి ఆ కొండ వదిలేయండి, అరకు వలిసె పూలు చాలు. రోడ్డు పక్కనే పసుపుపచ్చని పూల పొలాలు, వెనక వరుసగా కొండలు. రైతు మనిషికి 30 రూపాయలు తీసుకుని గట్టు మీద నా మడత కుర్చీ తానే వేసి పెట్టాడు. కూర్చుని తీస్తే పూలు కెమెరా ఎత్తులోనే ఉంటాయి. దూరానివి దగ్గరగా చూపే 70-200 లెన్సుతో దూరపు కొండలు పూల వెనకే నిలబడ్డట్టు దగ్గరకొచ్చాయి. పొగమంచును కెమెరా బూడిద రంగుకు దించేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాపు (అంటే వెలుతురు రెట్టింపు) పెంచితే తెల్లదనం తిరిగి వస్తుంది. చలికి బ్యాటరీలు త్వరగా దిగుతాయి, అదనపుది లోపలి జేబులో పెట్టుకోండి. బరువైన ట్రైపాడ్ ఇంట్లోనే ఉంచి ఒంటికాలి స్టాండు మోనోపాడ్ తీసుకెళ్లాను. నెలల తరవాత వ్యూఫైండర్‌లో సూర్యుడు కొండ దాటుతుంటే కన్ను తీయబుద్ధి కాలేదు.

గది మాట్లాడుకునేవాళ్లకు ఒక్క మాట: అడ్వాన్సు పంపేముందే ‘కింది అంతస్తు, మెట్లు లేవు’ అని వాళ్ల చేత సందేశం రాయించుకోండి. నా దగ్గర అది ఉంది. దాన్నీ, రెండు వేలు పంపిన రసీదునూ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ (ఫోను 1915) వెబ్‌సైటులో ఫిర్యాదు చేశాను.