పేరు లేని జెర్సీ కావాలన్నా కొట్టిస్తరు, కాకపోతే జర ఓపిక ఉండాలె

హన్మకొండల స్టేడియం దిక్కు పోయే ఒక సందుల జెర్సీలు ప్రింట్ కొట్టే చిన్న షాపున్నది. కింద కౌంటర్, పైన మెషిన్లు, మెట్ల మీద ఎప్పుడు చూసినా కవర్లల్ల కట్టిపెట్టిన ఆర్డర్లు. షాపు పేరు రాయొద్దని షాపాయనే చెప్పిండు, ఎవలో నెట్ల నంబర్ పెడితే అర్ధరాత్రి గూడ ఫోన్లు చేసి రేట్లు అడుగుతున్నరట. మీకు తెలిసిన వాలీబాల్, కబడ్డీ టీమోళ్లను అడిగితే చూపెడ్తరు.

మేం చేయించింది ఫుల్ హ్యాండ్స్ ఎర్ర జెర్సీ, 14 పీసులు, సబ్లిమేషన్ ప్రింట్ (వేడితోని రంగు బట్టలకే దిగేది), ఒక్కోటి 340 పడ్డది. ముందర పేరు లేదు, లోగో లేదు, జెండా లేదు, స్పాన్సర్ లేడు, వెనక నంబర్ ఒక్కటే. ఇంత సాదా డిజైన్ చేయించుకోవడానికే అన్నిటికన్నా ఎక్కువ తిప్పలైంది.

సంగతేందంటే మేమంతా పాత వరంగల్ జిల్లా వాలీబాల్ టీమోళ్లం. 2016 దసరా నాడు జిల్లా ముక్కలైంది కదా, అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని, మళ్ల 2019ల ములుగు వేరే అయింది, ఇప్పుడు బాల్ లేపిచ్చే మా సెట్టర్‌ది ఒక జిల్లా, వెనక డిఫెన్స్ ఆడే మా లిబెరోది ఇంకో జిల్లా. ఒక్కసారి కలిసి ఆడుదాం అనుకున్నం, అనుకున్నప్పటి సంది జెర్సీ మీద ఏం పేరు వెయ్యాలె అని వాట్సాప్ గ్రూపుల ఒకటే లొల్లి. ఓరుగల్లు అని ఒకడు, ఉమ్మడి వరంగల్ అని ఒకడు, ఉమ్మడి అంటే పార్టీ మీటింగ్ బ్యానర్ లెక్క ఉంటదిరా అని ఇంకొకడు. నేను 1992 ఆల్బర్ట్‌విల్ వింటర్ ఒలింపిక్స్ ఐస్ హాకీ టీమ్ ఫోటో ఒకటి పెట్టి, వాళ్ల ఎర్ర జెర్సీల మీద పేరు లేదు సూడుండ్రి, మనకు గూడ పేరే వద్దు, గిట్ల వేసుకుందాం అన్న. అందరు సరే అన్నరు, నిజం చెప్పాలంటే కొట్లాట ఒడిస్తది అని సరే అన్నరు.

షాపుల డిజైన్ చేసే పిల్లగాడు మస్తు హుషారు. కోరల్ డ్రాల ఫైల్ తెరిచి, అన్నా టీమ్ పేరు చెప్పు అన్నడు. లేదు తమ్మీ అన్న. లోగో? లేదు. స్పాన్సర్? లేడు. "మరి నేనేం ప్రింట్ కొట్టాలన్నా, ప్లెయిన్ టీషర్ట్ బట్టలబజార్ల దొరుకుతది కదా" అన్నడు. పక్కన కుర్చీల కూసున్న మా జనగామ దోస్తు పడీ పడీ నవ్వుతుండు. సరే అని ఫోన్ తీసి ఫోటో చూపెట్టిన, గీ టీమ్‌ది అన్న. ఇది ఏ దేశం అన్నా, జెండా అయినా వేద్దాం అన్నడు. జెండా గూడ లేదు తమ్మీ, దేశమే లేదు అన్న, అప్పుడు మౌస్ ఇడిచిపెట్టి నా దిక్కు తిరిగిండు.

ఆ ఫోటోల ఉన్నది పాత సోవియట్ యూనియన్ ఆటగాళ్లు. సోవియట్ యూనియన్ 1991 డిసెంబర్ ఆఖర్ల ఖతమైంది, 25నాడు గోర్బచేవ్ రాజీనామా చేసిండు, తెల్లారి దేశమే లేదు. ఫ్రాన్స్‌ల ఆల్బర్ట్‌విల్ ఆటలు మొదలైంది 1992 ఫిబ్రవరి 8. అంటే నడుమ ఆరు వారాలు. ఆటగాళ్లు ఏండ్ల సంది దీని కోసమే తయారైతున్నరు, టీమ్ ఉన్నది, కోచ్‌లున్నరు, దేశం ఒక్కటే లేదు. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా వేరేగా వచ్చినయి, రష్యా, ఉక్రెయిన్, బెలారస్, కజకిస్తాన్ లాంటియి కలిసి యూనిఫైడ్ టీమ్ అని వచ్చిన్రు. ముందర నడిచింది ఒలింపిక్ జెండా, గెలిస్తే వాయించింది ఒలింపిక్ పాట. అదే ఏడు ఎండకాలం బార్సిలోనాల గూడ ఈ టీమ్ ఉండె, కానీ అక్కడ ఒంటరిగ గెలిచినోళ్లకు వాళ్ల వాళ్ల సొంత జెండాలు లేపిన్రు. అందరు బార్సిలోనా ముచ్చటే చెప్తరు, నాకైతే ఆల్బర్ట్‌విల్లే ఎక్కువ. అక్కడ వాళ్లకు సొంత జెండా అన్నదే లేకుండె.

అయినా 9 గోల్డ్, మొత్తం 23 పతకాలు, రెండో స్థానం. మొదటి స్థానం ఎవలిదో తెలుసా, జర్మనీది, 10 గోల్డ్. తూర్పు పడమర అని వేరుగ ఉన్న జర్మనీ 1990ల కలిసింది. కొత్తగ కలిసినోళ్లు ఫస్టు, కొత్తగ ఇడిపోయినోళ్లు సెకండు. పిల్లగాడు "ఒక్క గోల్డే తేడానా అన్నా" అన్నడు, కౌంటర్ కాడ షాపాయన గూడ చెవులు ఇటే పెట్టిండు.

జెర్సీ మాత్రం హాకీ టీమ్‌ది. అంతకుముందు ఆ ఎర్ర జెర్సీ మీద సీసీసీపీ అని (రష్యన్ లిపిల సోవియట్ యూనియన్ పొట్టి పేరు) పెద్ద అక్షరాలుండేటియి, ఆల్బర్ట్‌విల్‌ల అవి లేవు. కోచ్ విక్టర్ తిఖొనోవ్ పాతాయనే, కానీ ఫెటిసోవ్, లారియొనోవ్, మకరోవ్ లాంటి పేరున్నోళ్లు అప్పటికే అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే లీగ్‌కు పోయిన్రు, ఫెదొరోవ్, బూరె లాంటి పడుచోళ్లు గూడ పోయిన్రు, మిగిలింది చాలామట్టుకు కుర్రోళ్లు, వాళ్ల నడుమ బికోవ్, ఖొముతోవ్ లాంటి ఒకరిద్దరు పెద్దోళ్లు. ఒలింపిక్స్ లీగ్ మ్యాచ్‌లల్ల ఒక్కటే ఓడిన్రు, అది గూడ చెకోస్లోవేకియా చేతుల, ఆ దేశానికి గూడ అదే ఆఖరి వింటర్ ఒలింపిక్స్, 1993 జనవరి 1నాడు రెండైంది. సెమీస్‌ల అమెరికాను 5-2తో కొట్టిన్రు. ఫిబ్రవరి 23న మెరిబెల్‌ల ఫైనల్, ఎదురుంగ కెనడా, తర్వాత పెద్ద పేరొచ్చిన ఎరిక్ లిండ్రోస్ ఆ టీమ్‌లనే ఉండె. రెండు పీరియడ్లు అయిపోయినా ఒక్క గోల్ పడలే, రెండు దిక్కుల గోల్‌కీపర్లు గోడల్లెక్క నిలబడ్డరు, మూడో పీరియడ్‌ల గేట్లు తెరుసుకున్నయి, 3-1. ఆఖరి గోల్ బికోవ్‌ది. సోవియట్ హాకీ మొత్తం ఆ రోజుతోని అయిపోయింది, ఆ టీమ్‌కు మళ్ల ఇంకో వింటర్ లేదు.

ఇది చెప్తుంటే పిల్లగాడు ఫైల్ సేవ్ చేసుకుంట "అయితే ముందర ఖాళీ ఉంచుడే డిజైన్ అన్నట్టు" అన్నడు. మనోడు పట్టేసిండు. దేశం లేకుండ ఆడుడు ఎక్కడిదన్నా, కథలు చెప్తున్నవా అని మళ్ల ఒక డౌటు పెట్టిండు, అందుకే 2014 సోచి గూడ చెప్పిన. మన ఇండియన్ ఒలింపిక్ అసోసియేషన్ సస్పెన్షన్‌ల ఉండె కాబట్టి లూజ్ (మంచు దారిల చిన్న బండి మీద పండుకొని జారే ఆట) ఆడే శివ కేశవన్, ఇంకో ఇద్దరు ఓపెనింగ్‌ల ఒలింపిక్ జెండా కిందనే నడిచిన్రు, ఆటలు నడుస్తుండంగనే ఫిబ్రవరి 11న సస్పెన్షన్ ఎత్తేసిన్రు, మన జెండా మళ్ల వచ్చింది. గిదైతే యూట్యూబ్‌ల చూసుకొని నమ్మిండు.

షాపాయనకు నచ్చింది మాత్రం రైసా స్మెటానినా ముచ్చట. మంచు మీద స్కీయింగ్ చేసే ఆమె, పుట్టింది 1952 ఫిబ్రవరి 29, ఆల్బర్ట్‌విల్‌ల రిలే గోల్డ్ గెలిచినప్పుడు 40 నిండడానికి రెండు వారాలు గూడ లేదు. 1976 సంది వరుసగ ఐదు వింటర్ ఒలింపిక్స్‌ల పతకాలు, మొత్తం పది, వింటర్ ఒలింపిక్స్‌ల పది పతకాలు గెలిచిన మొదటి మనిషి ఆమెనే. నాలుగు ఒలింపిక్స్ ఒక దేశానికి ఆడి ఐదోది ఏ దేశం లేకుండ ఆడింది. మా టీమ్‌ల సగం మంది నలభై దాటినోళ్లే, షాపాయన మా పొట్టలు చూసి సైజులు డబుల్ ఎక్సెల్ రాసుకుంట "ఆమె గెలిచింది కదా సార్, మీరు గూడ కొడ్తరు పోండ్రి" అన్నడు. ఎటకారమో ధైర్యమో తెల్వలే.

ఇగ అసలు మాలు సంగతి. బట్ట మంచిది, డ్రై ఫిట్, మందం గూడ సరిగ్గ ఉన్నది, ఉతికితే రంగు దిగలే. మొదటి శాంపిల్‌ల ఎరుపు మెరూన్ దిక్కు పోయింది, హీట్ ప్రెస్‌ల రంగు ముదురుతది అన్నరు, సరి చేయమంటే మొకం మాడ్చుకోకుండ ఇంకో పీసు కొట్టిచ్చిన్రు, దానికి పైసలు తీస్కోలే. గిది నాకు బాగ నచ్చింది. నంబర్లు తెల్లగ, పెద్దగ, కోర్టు అవతలి మూల నుంచి గూడ కనబడుతున్నయి. కుట్టు మాత్రం అంత గొప్ప లేదు, రెండు జెర్సీలకు చంక కాడ దారం ఊడింది, మెడ ఒకటి రెండింటికి బిగుతు. టైలర్ మాస్టర్ కింది సందుల ఉంటడు, తీస్కపోతే అప్పటికప్పుడు సరి చేసిచ్చిండు, కానీ ఇచ్చే ముందే చూసుకోవాలె కదా.

లేటు చేసుడు గీ షాపుకు పెద్ద రోగం. ఇస్తమన్న రోజుకు ఇయ్యలే, కాలేజీల స్పోర్ట్స్ మీట్ ఆర్డర్లు నడుమల దూరినయంట. మా ఆట ముందటి రోజు రాత్రి దాకా మెషిన్ మీదనే ఉన్నయి, మహబూబాబాద్ నుంచి వచ్చే మనిషి ఫోన్ల మీద ఫోన్లు. ఇంకోటి, చేతి మీద షాపు లోగో చిన్నగ వేస్తం, అది వద్దంటే పీసుకు 20 ఎక్కువ అన్నరు. పేరు లేకుండ ఉండాలె అని అంత కథ చెప్పినంక చేతి మీద వాళ్ల లోగో ఎట్ల వేయించుకుంటం, 20 ఇచ్చినం. ముందు చెప్పిన రేటుల ఈ 20 లేదు, ఇసొంటియి మొదాల్నే చెప్తే బాగుంటది.

ఒక సంగతి ఏందంటే ఫుల్ హ్యాండ్స్ మన ఎండలకు పనికిరాదు, పొద్దుగాల ఆడితే నడుస్తది, పదిన్నర దాటితే ఒళ్లంత చెమట. అది షాపు తప్పు కాదు, మంచు మీద ఆడేటోళ్ల జెర్సీ ఓరుగల్లుల వేసుకుంటే అంతే ఉంటది. చూసేటోళ్లు మాత్రం ఏ ఊరి టీమ్ అని అడుగుతనే ఉన్నరు, మావోడొకడు ఒక్కొక్కలకు ఒక్కో జిల్లా పేరు చెప్పుకుంట తిరిగిండు.

నా దిక్కు నుంచి ఐదుకు మూడున్నర. బట్టకు, రంగుకు, ఆ పిల్లగాని ఓపికకు నాలుగున్నర ఇద్దును, లేటుకు ఒకటి కోసేసిన. ఆర్డర్ పెట్టేటోళ్లు వాళ్లు చెప్పిన తారీఖుకు ఇంకో వారం కలుపుకోండ్రి, సగం అడ్వాన్స్ అడుగుతరు, ఫోన్‌పే నడుస్తది, పదికి తక్కువ పీసులు తీస్కోరు, లోగో పైసల ముచ్చట ముందే కాయితం మీద రాయించుకోండ్రి. ఆదివారం మధ్యాహ్నం దాకనే ఉంటరు.