మ్యాక్‌లో పెళ్లి ఫొటోల ఫోల్డర్ తెరవడానికి సాంబా ‘ఫ్రూట్’: వాడాక నా మాట

గుంటూరు బ్రాడీపేటలో మాది పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ షాపు. రెండు విండోస్ సిస్టమ్‌లు, ఒక మ్యాక్, మూలన మా సర్వర్: ఉబుంటు (లినక్స్) మీద సాంబా, అంటే నెట్‌వర్క్‌లో అన్ని సిస్టమ్‌లకీ ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్, నడిచే పాత సీపీయూ. సాంబా ఎలా ఎక్కించాలో చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను చెప్పేది అందులో మ్యాక్‌ల కోసం ఉన్న ‘ఫ్రూట్’ అనే మాడ్యూల్ (అదనపు భాగం) గురించే.

కాపీ స్పీడుకు మాకెప్పుడూ లోటు లేదు. గిగాబిట్ వైరు మీద సెకనుకు 110 ఎంబీ దాకా వచ్చేది. మ్యాక్‌లో ఫోల్డర్ తెరవాలంటేనే ప్రాణం పోయేది. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా వేల ఫొటోలు ఒకే ఫోల్డర్లో కుమ్మరిస్తారు కెమెరా వాళ్లు. విండోస్‌లో టక్కున వచ్చేవి. మ్యాక్‌లో మాత్రం ఫైండర్ (ఫోల్డర్లు చూపే విండో) అడుగున చక్రం తిరుగుతూనే ఉండేది. పెళ్లికూతురి పిన్నిగారు పక్కన కూర్చుని “ఇంకా రాలేదా బాబూ?” అంటుంటే ఒకటే టెన్షన్.

మ్యాక్ ఫైళ్ల పేర్లు తెచ్చుకుని ఊరుకోదు. ఒక్కో ఫైలుకీ పర్మిషన్లు, రిసోర్స్ ఫోర్క్ (ఫైలుకి మ్యాక్ విడిగా జతచేసే అదనపు డేటా) సైజు లాంటివి విడివిడిగా అడుగుతుంది. ఫ్రూట్ ఉంటే ఆ వివరాలన్నీ పేర్లతోపాటే ఒకేసారి వచ్చేస్తాయి. పెట్టిన రోజున చక్రం కనపడకపోయేసరికి అసలు కనెక్ట్ అయిందా అని అనుమానం వచ్చింది.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. కొన్ని రోజులు బాగుండేది, కొన్ని రోజులు మళ్లీ పాత కథే. కేబుల్ మార్చాం, స్విచ్ మార్చాం. మా తమ్ముడైతే లో ఓల్టేజీ అని తేల్చేశాడు. జీఎస్టీ రిటర్న్ 20వ తేదీ దగ్గర పడ్డప్పుడే ఎక్కువగా మొరాయిస్తోందని గమనించాక దారి దొరికింది. ఆ రోజుల్లో లెక్కలు చూసే అన్నయ్య పొద్దున్నే వచ్చి మ్యాక్‌లో ముందు బిల్లుల షేరు (సర్వర్లో పంచిన ఫోల్డర్) తెరిచేవాడు. సర్వర్ సెట్ చేసిన కుర్రాడేమో ఫ్రూట్‌ని ఫొటోల షేరుకే పెట్టాడు. మ్యాక్ మొదట ఏ షేరుకి కనెక్ట్ అయితే అక్కడే ఈ సౌకర్యం ఉందో లేదో తేల్చుకుంటుంది. అక్కడ లేకపోతే ఆ సర్వర్లోని మిగతా షేర్లకీ లేనట్టే. ఫ్రూట్ మాన్యువల్లోనే ఉంది ఈ ముక్క, అంతదూరం చదివేదెవరు? ఫ్రూట్‌నీ, దానితోపాటు పెట్టే కాటియా, స్ట్రీమ్స్ ఎక్స్‌ఆటర్ అనే మాడ్యూళ్లనీ సాంబా సెట్టింగుల ఫైల్లో అన్ని షేర్లకీ వర్తించే గ్లోబల్ భాగంలోకి తెచ్చాక ఆ బెడద పోయింది.

చక్రం పోయిందన్నాను గానీ, అది లిస్ట్ వ్యూలో. థంబ్‌నెయిల్స్ కావాలంటే ఫొటోని చదవక తప్పదు కాబట్టి అక్కడ ఇప్పటికీ ఆగాల్సిందే, కెమెరా నుంచి నేరుగా వచ్చే పెద్ద రా (RAW) ఫైళ్లయితే మరీను. పెద్ద పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) సేవ్ చేయడంలో ఇసుమంత తేడా లేదు. విండోస్ సిస్టమ్‌లకైతే ఇది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

మ్యాక్ ఒక్కటైనా ఉండి, మాలాగా ఫోల్డర్ల నిండా వేల ఫైళ్లుంటే పెట్టించుకోండి. మాకు సర్వర్ సంగతి తెలిసిన మనిషి పక్క లైన్లోనే ఉంటాడు, పిలిస్తే వస్తాడు. అలాంటివాళ్లు దొరకని చోటైతే రెడీమేడ్ నాస్ డబ్బా (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజీ పెట్టె) కొనుక్కోవడమే నయమేమో.