ముందు మార్చాల్సింది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా?

గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే అందరి చూపూ మొదట గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. అసలు ఆలస్యం ప్రాసెసర్‌ది అయినప్పుడు కార్డు మార్చడం అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే. డబ్బు కరుగుతుంది, ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద కనిపించే ఫ్రేముల లెక్క) మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది, రెండింట్లో ఏది దేనికోసం ఆగుతోందని. ప్రతి ఫ్రేముకూ లెక్కలు చూసేది ప్రాసెసర్: ఏ పాత్ర ఎక్కడుంది, ఏది దేనికి తగిలింది, ఏమేం గీయాలి. ఆ పని అందాకే కార్డు బొమ్మ గీస్తుంది. 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే టైమ్ 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 7 కూడా లేదు. అందులో ఏది వెనకబడినా ఫ్రేమ్ లేటే.

ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెర మూలన అంకెలు కనబడేలా పెట్టుకుని, మీరు రోజూ ఆడే గేమ్‌లోనే బాగా రద్దీగా ఉండే చోట నిలబడండి. ఫ్రేముల వేగానికి కళ్లెం వేసే వీ-సింక్, ఎఫ్‌పీఎస్ లిమిట్ రెండూ ఆఫ్ చేయాలి, లేకపోతే అంకెలు అబద్ధం చెబుతాయి. కార్డు వాడకం 97-99 శాతం దగ్గర ఉంటే హద్దు కార్డే. 60-70 దగ్గర ఊగుతుంటే కార్డు పని లేక కూర్చున్నట్టు. ప్రాసెసర్ వాడకం 40 శాతమే ఉంది కదా అని ధీమా పడొద్దు. 12 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరుసలు) ఉన్న చిప్‌లో గేమ్‌కి ముఖ్యమైన ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా, మొత్తం లెక్కలో దాని వాటా 8 శాతమే.

ఇంకా అనుమానముంటే, అక్కడి నుంచి కదలకుండా రిజల్యూషన్‌ని 1440పీ నుంచి 720పీకి దించండి. గీయాల్సిన పిక్సెళ్లు నాలుగో వంతుకు తగ్గిపోతాయి. ఎఫ్‌పీఎస్ ఉదాహరణకు 58 నుంచి 95కి ఎగిరిందా, కార్డే ఇన్నాళ్లూ ఆపింది. 61 దగ్గరే ఆగిపోయిందా, ఎంత ఖరీదైన కార్డు పెట్టినా అక్కడ ఒరిగేదేమీ లేదు. తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టినా ఫలితం ఇంతే, ఎందుకంటే అవి తగ్గించేది కార్డు బరువునే. మధ్యమధ్య అదనపు ఫ్రేములు కల్పించే ఫ్రేమ్ జనరేషన్ బొమ్మని నున్నగా చూపిస్తుంది కానీ మౌస్ స్పందన వేగం పెరగదు.

ఖర్చు దగ్గరికి వస్తే రెండూ సమానం కావు. కార్డు ఒంటరి వస్తువు. పవర్ సప్లై సరిపోతే, కేబినెట్‌లో పొడవు పడితే చాలు, పాతది తీసి కొత్తది పెట్టడమే. రేపు కంప్యూటర్ మొత్తం మార్చినా మీతోనే వస్తుంది. ప్రాసెసర్ కథ సాకెట్‌తో, అంటే మదర్‌బోర్డు మీద అది కూర్చునే గూడుతో ముడిపడి ఉంటుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1200 బోర్డు 10, 11 తరాలకే సరి. ఎల్‌జీఏ1700 అయితే 12 నుంచి 14 దాకా వెళ్లొచ్చు. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ చిప్‌లకు మళ్లీ కొత్త సాకెట్. ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ వాళ్లు అదృష్టవంతులు. తొలితరం రైజెన్‌తో కొన్న బోర్డుల్లో కూడా చాలావాటిలో బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి 5000 సిరీస్ పెట్టుకోవచ్చు. వాటిలో 2022 నాటి రైజెన్ 7 5800ఎక్స్3డీకి 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉంది, గేముల్లో దాని తేడా కళ్లకు కనిపిస్తుంది. కొత్తది దొరకకపోతే సెకండ్ హ్యాండ్‌లో వెతకడమే.

సాకెట్‌లో ఇక ఎక్కడానికి మెట్టు లేనప్పుడే అసలు టెన్షన్. ప్రాసెసర్‌తో పాటు బోర్డు, దానితో పాటు చాలాసార్లు డీడీఆర్5 ర్యామ్ కూడా కొనాలి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి కాబట్టి, ఈ మూడింటి మార్పు ఇంతకుముందుకన్నా బరువైన నిర్ణయం. నేనైతే ఉన్న సాకెట్‌ని చివరి మెట్టు దాకా వాడుకోకుండా బోర్డు జోలికి వెళ్లను.

గ్రాఫిక్స్ కార్డుకి మాత్రం వాయిదా వేయలేని రోజు ఒకటి వస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన 'ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్' గేమ్‌కి కార్డులో వెలుగునీడల్ని లెక్కగట్టే రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. 11 జీబీ మెమరీ ఉన్న జీటీఎక్స్ 1080 టీఐ కూడా దానికి పనికిరాదు. ప్రాసెసర్‌కీ ఇలాంటి గడువే ఒకటి వచ్చింది, కాకపోతే గేమ్ వైపు నుంచి కాదు. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ 8వ తరమో రైజెన్ 2000 సిరీసో, అంతకన్నా కొత్తదో ఉండాలి.

కార్డు మెమరీ సంగతి వేరే చెప్పాలి. 8 జీబీ నిండిపోయినప్పుడు సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనిపిస్తూ, మలుపు తిరిగినప్పుడల్లా గేమ్ ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఇది చూసి చాలామంది ప్రాసెసర్‌ని తిడతారు. టెక్స్చర్స్‌ని (వస్తువుల మీద అతికించే బొమ్మల నాణ్యతని) అల్ట్రా నుంచి హైకి దించి అదే మలుపు మళ్లీ తిరగండి. కుదుపు పోతే దోషం మెమరీదే, ఆ సెట్టింగ్‌తో ఇంకో ఏడాది లాగించేయొచ్చు. కొత్త కార్డు కొంటే మాత్రం ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ లాంటివి 8, 16 జీబీ రెండు రకాలుగానూ వస్తాయి, పెట్టె మీది పేరు ఒకటే కాబట్టి చూసి తీసుకోండి. కార్డుని బోర్డుకి కలిపే దారి పాత పీసీఐఈ 3.0 అయినచోట ఎనిమిది లేన్ల (డేటా వెళ్లే వరుసల) 8 జీబీ కార్డు పెడితే మెమరీ నిండినప్పుడు ఆ కుదుపు ఇంకా ముదురుతుంది.

4కేలో కథా ప్రధానమైన గేములు ఆడేవాళ్లకు దాదాపు ఎప్పుడూ కార్డే ముందు. 240 హెర్ట్జ్ మానిటర్ మీద పోటీ షూటర్లు ఆడేవాళ్లకూ, వందల సైన్యాలు కదిలే స్ట్రాటజీ గేముల వాళ్లకూ ప్రాసెసర్ ముందు. మిగతావాళ్లు, పరీక్షలో రెండూ అటూ ఇటూగా తేలితే, కార్డే తీసుకోండి. రెండూ ఒకేసారి మార్చొద్దు. కార్డు మార్చి అదే చోట, అదే పరీక్ష మళ్లీ చేస్తే ప్రాసెసర్ మీద ఎంత ఖర్చు పెట్టాలో అప్పుడు తేలుతుంది. చాలాసార్లు ఆ ఖర్చు అక్కర్లేదనే తేలుతుంది.

అన్నట్టు, డబ్బు తీసే ముందు బయోస్‌లో ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపించే ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో ఆన్‌లో ఉందా, ర్యామ్ ఒకే స్టిక్ మీద నడుస్తోందా, 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్‌లో 60 దగ్గరే ఉండిపోయిందా చూడండి.