స్టాంపుల సంఘంలో పదకొండేళ్లు: కడప నుంచి ఒక సభ్యురాలి సమీక్ష

మా స్టాఫ్‌రూమ్‌లో కొత్తగా వచ్చిన సార్ మొన్న అడిగాడు. "మేడం, ఏడాదికి మూడొందలు చందా కట్టి, ఆదివారం పూట పోయి స్టాంపులు చూసి వస్తారంట. ఏమొస్తుంది దాంట్లో?" అప్పటికి నవ్వి ఊరుకున్నాను కానీ, ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. నేను మా ఊరి సంఘంలో చేరింది 2014లో. ఈ పదకొండేళ్లలో ఇంట్లో ఫ్రిజ్ మారింది, మిక్సీ రెండుసార్లు మారింది. వాటి గురించి అడిగినవాళ్లకల్లా మంచీ చెడూ చెప్పాను. ఇన్నాళ్లు వాడినదాని గురించీ అలాగే చెబుతాను.

ముందు నా తప్పుతో మొదలుపెట్టాలి. మా తాత ప్రొద్దుటూరులో వేరుశనగ వ్యాపారం చేసేవాడు. ఆయన పోయాక ట్రంకు పెట్టెలో ఉత్తరాల కట్టలు దొరికాయి. అన్నీ వ్యాపారం ఉత్తరాలే, బస్తాల లెక్కలు, బాకీలు. నాకు అవేం పట్టలేదు. బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి కవర్లన్నీ నానబెట్టాను. స్టాంపులు ఊడొచ్చాయి. పాత పేపర్ల మీద బోర్లా పరిచి ఆరబెట్టి, పైన డిక్షనరీ బరువు పెట్టి, రెండొందల దాకా చక్కగా ఆల్బంలో పెట్టాను. తడిసిన కవర్లు చెత్తలోకి పోయాయి. ఆ ఆల్బం పట్టుకొనే మొదటి మీటింగుకు పోయాను, మెచ్చుకుంటారని.

అక్కడ రిటైరైన ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీస్) సార్టర్ ఒకాయన ఉన్నాడు. రైళ్లలో తపాలా బోగీలో నిలబడి, పోయే దారిలోనే ఉత్తరాలను ఊరూరికీ గళ్లలో వేసిన మనిషి. అందరూ ఆయన్ను తాత అనే పిలుస్తారు. ఆయన ఆల్బం మెల్లగా తిప్పాడు, చివరి పేజీ దాకా. తర్వాత అడిగాడు, "కవర్లు యాడ పెట్టినావమ్మా?"

"పారేసినాను సార్."

"అయ్యో తల్లీ. టెంకాయ పారేసి పీచు దాచినావే."

నాకు కోపం వచ్చింది, సిగ్గు కూడా. ఆయన తన సంచిలోంచి ఒక కవరు తీసి ముందు పెట్టాడు. 1971 చివర్లో పోస్టు చేసింది. మామూలు స్టాంపు పక్కన 5 పైసల కుటుంబ నియంత్రణ స్టాంపు ఉంది, దాని మీద 'రెఫ్యూజీ రిలీఫ్' అని అడ్డంగా ముద్ర. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల ఖర్చు కోసం 1971 నవంబరు నుంచి ఉత్తరానికి 5 పైసలు అదనంగా వసూలు చేశారు. వేరే స్టాంపు అచ్చయ్యేలోగా ఉన్న 5 పైసల స్టాంపుల మీదే ఊరికొక తీరుగా ముద్రలు కొట్టి అమ్మారు. ఆ స్టాంపు విడిగా ఉంటే పెద్ద విలువ లేదు. ఇక్కడ మాత్రం దాని మీద తేదీ ఉంది, 'కడ్డపా' అని ఇంగ్లిషు అక్షరాల్లో ఊరి ముద్ర ఉంది, వెనక చేరిన ఊరి ముద్ర కూడా ఉంది. ఎక్కడో సరిహద్దు దాటి వచ్చిన శరణార్థుల కోసం కడపలో ఒక వ్యాపారి 5 పైసలు కట్టిన రుజువది. మా తాత కట్టల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఇక ఎప్పటికీ తెలియదు. వాటిని నా చేతులతోనే నానబెట్టాను.

సంఘం నాకు నేర్పింది ఇదే. చేరాక స్టాంపులు కొనడం తగ్గింది, కవర్లు చదవడం పెరిగింది.

మీటింగు నెలలో రెండో ఆదివారం, ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక బడి గదిలో. పేర్లు పాతిక దాకా ఉన్నాయి, వచ్చేది పదీ పన్నెండు మంది. మొదటి అరగంట మార్పిడి. స్టాంపులు దాచుకునే స్టాక్ బుక్కులు తెరిచి పెడతారు, ట్వీజర్లతోనే తీయాలి, చేత్తో ముట్టుకుంటే తాత కళ్లతోనే కొడతాడు. తర్వాత ఎవరో ఒకరు తాము చదివింది చెప్తారు. కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా ప్రపంచంలో మొదటి స్టాంపు 1840 పెన్నీ బ్లాక్, ఆసియాలో మొదటిదైన 1852 సింధ్ డాక్ కథలు మళ్లీ మొదలవుతాయి. పాతవాళ్లం టీకి లేస్తాం.

చెప్పేవాడు బాగా తయారై వస్తే మాత్రం ఆ గది వదలబుద్ధి కాదు. ఒకసారి ఒక కాంట్రాక్టర్ అన్న 'మన సీమవాళ్లు' అని, వాళ్ల మీద వచ్చిన స్టాంపులతో ఒక షీటు తయారు చేసుకొచ్చాడు. 1972లో వేమన, 1981లో బళ్లారి రాఘవ, 2004లో అన్నమయ్య, 2008లో దామోదరం సంజీవయ్య. అంతే, గొడవ మొదలైంది. రాఘవ పేరులోనే బళ్లారి ఉంటే మనవాడెట్లా అవుతాడని ఒకరు. పుట్టింది తాడిపత్రిలో కదా అని ఇంకొకరు. వేమన మీద ఇంకా పెద్ద రగడ. సమాధి కదిరి దగ్గర కటారుపల్లెలో ఉంది కాబట్టి అనంతపురం వాళ్లదే హక్కని అక్కడి నుంచి వచ్చిన సభ్యుడి వాదన. ఆయన పేరు మీద యూనివర్సిటీ కడపలో ఉంది కదా అని మావాళ్ల జవాబు. పన్నెండింటికి ముగియాల్సిన మీటింగు ఒంటిగంట దాటింది, చివరికి అందరం కారం దోసెల దగ్గర రాజీ పడ్డాం. తాళ్లపాక మాదే కాబట్టి అన్నమయ్య మీద మాత్రం ఎవరూ నోరు మెదపలేదు.

సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ముద్రల సేకరణ. జిల్లాలోని పోస్టాఫీసుల తేదీ ముద్రలన్నీ ఒకచోట చేర్చడం. ఇంగ్లిషులో మా ఊరి పేరు 'కడ్డపా' నుంచి ఇప్పటి కడపకు మారింది 2005లో. అంతకుముందు ముద్రలు, తర్వాతి ముద్రలు వేరువేరు పేజీలు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చింది కాబట్టి చిరునామాలో 516001 ఉందా లేదా అన్నది ఇంకో గీత. జమ్మలమడుగు, పులివెందుల, రాజంపేట, రాయచోటి ఒక్కొక్కటి ఒక్కొక్కరి బాధ్యత. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు రాయచోటి పేజీలు తీసేయాలా అని ప్రశ్న వచ్చింది. "ముద్ర కొట్టిన నాడు ఏ జిల్లానో అదే జిల్లా" అని తాత తేల్చాడు.

ఈ పనికి ఖర్చు ఏమీ లేదు. పోస్టుకార్డు ఇప్పటికీ అర్ధరూపాయే. మన చిరునామా మనమే రాసుకొని, కవర్లో పెట్టి, దయచేసి ముద్ర స్పష్టంగా వేసి పంపగలరు అని ఆ ఊరి పోస్టుమాస్టరుకు ఉత్తరం రాస్తాం. కొందరు ఎంత ముద్దుగా వేసి పంపుతారో. ఒక ఊరి నుంచి మాత్రం నాకు వరుసగా నాలుగు కార్డులూ నల్లటి మచ్చలై వచ్చాయి, భూతద్దం కింద పెట్టినా అక్షరం దొరకలేదు. ఐదోసారి బస్సెక్కి నేనే పోయాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ముద్ర చూపించింది. అంచులు అరిగిపోయి బిళ్లంత నున్నగా ఉంది. పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది. ఆ మచ్చనే పేజీలో పెట్టాను, పక్కన 'అరిగిన ముద్ర' అని రాసి.

బడిపిల్లల పని కూడా ఉంది. 2017లో తపాలా శాఖ తెచ్చిన దీన్‌దయాళ్ స్పర్శ్ స్కాలర్‌షిప్ ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు, ఏడాదికి 6,000 రూపాయలు. ఫిలాటెలి (స్టాంపుల సేకరణ) క్విజ్ రాయాలి, ఒక ప్రాజెక్టు చేయాలి. మా సంఘం వాళ్లు బడులకు పోయి నేర్పిస్తారు. 2006లో చందనం, 2007లో గులాబీ, 2008లో మల్లె వాసన వచ్చే స్టాంపులు వచ్చాయి కదా, వాటిని క్లాసులో తిప్పితే అరవై ముక్కులు ఒకేసారి వంగుతాయి. వాసన ఎప్పుడో పోయిందనుకోండి, అయినా వస్తుందనే అంటారు. నాకు నచ్చనిది ఒకటుంది. కొందరు తల్లిదండ్రులు ప్రాజెక్టు మమ్మల్నే చేసిపెట్టమంటారు. ఒకరిద్దరు సభ్యులు చేసిపెట్టారు కూడా. దీని మీద నేను రెండుసార్లు గొడవ పడ్డాను, మూడోసారీ పడతాను.

లోపాలు ఇంకా ఉన్నాయి. పెద్దది డబ్బు విషయం. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీ స్టాంపులు నాలుగు: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండ్‌లో అచ్చయ్యాయి, హిందీలోనూ ఉర్దూలోనూ 'బాపూ' అని ఉంటుంది. ఆ పది రూపాయల గాంధీ సేకరించేవాళ్లందరి కల. 2016లో మా మీటింగుకు అతిథిగా వచ్చిన ఒక వ్యాపారి దగ్గర వాడని స్టాంపు అని కొన్నాను, రెండు నెలల ట్యూషన్ డబ్బు పోసి. ఇంట్లో చెప్పలేదు. మరుసటి నెల తాత దాన్ని వెలుతురులో అటూ ఇటూ వంచి చూసి, "కడిగినారమ్మా" అన్నాడు. పోస్టు ముద్ర సిరాను మందు వేసి కడిగేసి, వెనక కొత్తగా జిగురు పూసి ఆరబెట్టారు. పంటి అంచుల్లోకి జిగురు దిగి గట్టిపడి ఉంది, కొత్తదానికి అలా ఉండదు. ఆ మనిషి ఫోను ఎత్తలేదు. సంఘం కూడా చేతులెత్తేసింది, మాకు సంబంధం లేదంది. అప్పుడు నేను సభ్యత్వం మానేద్దామనుకున్నాను. ఆర్నెల్లు పోలేదు కూడా. తిరిగి వచ్చేసరికి ఒక నియమం పెట్టుకున్నారు: ఐదొందలు దాటిన స్టాంపు ఏదైనా ముగ్గురు పాతవాళ్లు చూసిన తర్వాతే డబ్బు చేతులు మారాలి. నా డబ్బుతో వచ్చిన నియమం అది.

ఆడవాళ్లం ముగ్గురమే. ఆదివారం పది గంటలంటే ఏ ఇంట్లోనైనా ఆడమనిషి వంటింట్లో ఉండే వేళ. మధ్యాహ్నం మూడుకు మార్చమని ప్రతి ఏడాదీ అడుగుతాను. నిద్రపోయే వేళ అంటారు మగవాళ్లు. గదికి దగ్గర్లో బాత్రూం లేదు, ఆ సంగతి మినిట్స్‌లో రాయించడానికే రెండేళ్లు పట్టింది. వాట్సాప్ గ్రూపు సంగతి చెప్పక్కర్లేదు. తొంభై పాళ్లు గుడ్ మార్నింగ్ పూలు, మిగతా పదిపాళ్లలో ఎవరి స్టాంపో ఒకటి బ్లర్‌గా.

కడప ఎండ గురించి మాత్రం కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చెప్పాలి. మే నెలలో బీరువా లోపల కూడా వేడే. చవక ప్లాస్టిక్ కవర్లున్న ఆల్బం వద్దు. నాది ఒకటి రెండు ఎండాకాలాలకే పసుపెక్కి స్టాంపులకు అతుక్కుంది. ఆల్బంలు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. పురుగు పడకుండా నాఫ్తలీన్ ఉండలు స్టాంపులకు తగిలేలా పెట్టేవాళ్లున్నారు, అది ఇంకా చేటు. మంచి ట్వీజరు, ఒక స్టాక్ బుక్కు, ఒక భూతద్దం చాలు మొదట్లో. పోస్టాఫీసులో ఫిలాటెలి డిపాజిట్ ఖాతా 200 రూపాయలతో తెరిస్తే కొత్త స్టాంపులు వాటంతట అవే ఇంటికొస్తాయి.

ప్రదర్శనకు ఒక్కసారే పోయాను. పదహారు షీట్ల ఫ్రేము ఒకటి పెట్టాను, రాత ఎక్కువైంది, స్టాంపులు తక్కువయ్యాయన్నారు న్యాయనిర్ణేతలు. నిజమే.

స్టాంపులు పెట్టుబడి అనుకొని వచ్చేవాళ్లు చేరకండి. ఒంటరిగా, ఎవరితో మాట్లాడకుండా సేకరించుకునే అలవాటున్నవాళ్లకూ ఇది సరిపడకపోవచ్చు, మావాళ్లు మాట్లాడకుండా ఉండలేరు. ఇంట్లో పాత ఉత్తరాలున్నవాళ్లు మాత్రం తప్పకుండా రావాలి. బకెట్‌లో నీళ్లు పోయకముందే రావాలి.

ఈమధ్య ఇంకో మార్పు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేస్తున్నామని తపాలా శాఖ ప్రకటించింది. వారం ముందే తాత గ్రూపులో రాశాడు, పూల మధ్యలో పోగొట్టుకోకుండా పెద్ద అక్షరాలతో. ఆగస్టు 30 శనివారం, అంతకుముందు చివరి పనిదినం. మాలో ఎనిమిదిమందిమి పోయి ఒకరికొకరం రిజిస్టర్ ఉత్తరాలు పంపుకున్నాం. నేను ఒకటి నాకే పంపుకున్నాను. బార్‌కోడ్ లేబుల్‌తో సరిపెట్టకుండా స్టాంపులు అంటించి ఇచ్చాను, చిల్లర స్టాంపులే, కవరు సగం నిండింది.

సోమవారం కాదు, బుధవారం వచ్చింది. పోస్టుమ్యాన్ చిరునామాలు రెండూ చదివి, నా మొహం చూసి, "మేడం, మీకు మీరే రాసుకున్నారా?" అన్నాడు. అవునన్నాను. సంతకం పెట్టమని కాగితం ఇచ్చాడు. లోపల ఏముందో అని మా అమ్మాయి కవరు చించబోయింది, చెయ్యి పట్టుకొని ఆపాను. లోపల ఏమీ లేదు, ఒక తెల్లకాగితం.