దోస్త్ ఆప్షన్లకు ముందు మూడు కాలేజీలు

మేనకోడలి ఇంటర్ పరీక్షలు అయిపోయిన వారానికే మా అక్క ఇంటికి ఇద్దరు వచ్చారు. పాలమూరు (మహబూబ్‌నగర్)లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ పీఆర్వోలు, అంటే పిల్లల్ని చేర్పించేవాళ్లు. "దోస్త్‌లో మా కాలేజీ ఒక్కటే ఆప్షన్ పెడదాం, ఓటీపీ వచ్చినప్పుడు చెప్పండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారట. దోస్త్ అంటే తెలంగాణలో డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి, ఏ కాలేజీలు కావాలో వరుసగా ఆప్షన్లు పెట్టుకోవాలి. అక్క ఫోన్ చేస్తే ముందు ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్నాను. కాలేజీలు చూసొద్దామని మర్నాడే కొత్తకోటలో బస్సెక్కాం. అక్క, మేనకోడలు, నేను.

మార్చి చివర్లో వెళ్లడమే మంచిదయింది. అప్పుడు డిగ్రీ క్లాసులు నడుస్తుంటాయి. దోస్త్ మొదలయ్యాక మేలోనో జూన్‌లోనో పోతే పరీక్షలో సెలవులో ఉంటాయి, కొత్తగా రంగు వేసిన గోడలు చూసి రావాల్సిందే.

బస్సులో వాళ్లిద్దరికీ జీరో టికెట్, నాకొక్కడికే డబ్బులు. కానీ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే ఈ మహాలక్ష్మి పథకం పల్లెవెలుగుకు, ఎక్స్‌ప్రెస్‌కే. హైవే మీద కర్నూలు వైపు పోయే సూపర్ లగ్జరీలు ఎన్ని ఉన్నా మనకు లెక్కలోకి రావు. పిల్ల రోజూ వచ్చిపోవాలంటే ఎక్స్‌ప్రెస్ టైములే చూసుకోవాలి.

మొదట జడ్చర్లలో డాక్టర్ బీఆర్ఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. బాటనీ అంటే ఇష్టమున్న పిల్లకు ఇది చూపించకుండా ఉండలేం. తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉన్నది ఈ కాలేజీ ఆవరణలోనే. మా పిల్ల ఒక్కో బోర్డు దగ్గర ఆగి శాస్త్రీయ నామం చదువుకుంటూ పోతుంటే అక్క చెట్టు కింద కూలబడింది. "చెట్లు మన చేన్లో లేవా?" అంటుంది. సెకండియర్ అమ్మాయిలు కనబడితే నేను అసలు సంగతి అడిగాను. మా పిల్లది తెలుగు మీడియం బైపీసీ, ఇంగ్లిష్‌లో పాఠం అర్థమవుతుందా అని. "మొదటి సెమిస్టర్ కష్టమే అంకుల్, సార్లు తెలుగులో విడమరిచి చెప్తారు, రాసేది మాత్రం ఇంగ్లిష్‌లోనే" అన్నారు. ఆఫీసులో అడిగితే ఇంత సూటిగా చెప్పేవాళ్లు కాదేమో.

మధ్యాహ్నం మహబూబ్‌నగర్‌లో ఆ పీఆర్వోల కాలేజీకి పోయాం. పేరెందుకు గానీ, మూడంతస్తుల బిల్డింగు, కింద షాపులు. రిసెప్షన్‌లో కూల్‌డ్రింక్ ఇచ్చారు. ల్యాబ్ చూస్తామంటే తాళం చెవి ఉన్నాయన బయటికి పోయాడన్నారు. అరగంట కూర్చున్నా రాలేదు. లైబ్రరీ రిజిస్టర్ తిప్పి చూశాను, చివరి పుస్తకం తీసుకున్నది నవంబరులో. క్లాసు గదిలో ఆరుగురున్నారు. "రోజూ రానక్కర్లేదు సార్, అటెండెన్స్ మేం చూసుకుంటాం" అని ప్రిన్సిపాల్ గారే నవ్వుతూ చెప్పారు. ఇక్కడ అక్క ఒక్కతే పనికొచ్చే పని చేసింది. లేచి బాత్రూం చూసొచ్చి, "నల్లా తిప్పితే చుక్క నీళ్లు లేవురా, పొద్దుగూకేదాకా ఆడపిల్ల ఎట్ల ఉంటది?" అంది. కూల్‌డ్రింక్ సీసాలు అక్కడే పెట్టి లేచాం.

రాత్రి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాం. ముగ్గురికి ఒకే గది, దోమలు లెక్కలేనన్ని. కుటుంబంతో దిగేవాళ్లు స్టేషన్ వైపు చూసుకోండి, నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

పొద్దున గద్వాల. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే అక్క కిటికీలోంచే ఆంజనేయస్వామికి దండం పెట్టింది. ఎంఏఎల్‌డీ ప్రభుత్వ కాలేజీ కోట లోపలే ఉంటుంది. సంస్థానాన్ని ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు. కోటగోడ దాటి లోపలికి పోతే ఒక పక్క చెన్నకేశవస్వామి గుడి, ఇంకో పక్క క్లాసులు. "కోటలో చదువుకున్నానని చెప్పుకోవచ్చు మామా" అంది పిల్ల, కానీ ఫొటోలు దిగినంత ఉత్సాహం క్లాసులు చూసేటప్పుడు లేదు. అక్కకు మాత్రం ఇదే నచ్చింది, కాలేజీని చూసి కాదు, గద్వాలలో మా చిన్నమ్మ ఇల్లుందని. మెస్సులో జొన్నరొట్టె, పప్పు తిన్నాం. రెండు రోజుల్లో కడుపునిండా తిన్న భోజనం అదొక్కటే.

జడ్చర్ల, గద్వాల రెండూ కొత్తకోటకు దాదాపు 50 కిలోమీటర్లే, ఒకటి అటు, ఒకటి ఇటు. రెండూ పాలమూరు యూనివర్సిటీ కిందివే కాబట్టి డిగ్రీ పట్టా విషయంలో తేడా లేదు. తేడా అంతా హాస్టల్లోనే వచ్చింది. గద్వాలలో చిన్నమ్మ ఇల్లుంది సరే, జడ్చర్ల అయితే రోజూ తిరగడం పిల్ల వల్ల కాదు, వెల్ఫేర్ హాస్టల్లో సీటు దొరకాలి. దానికి కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో పెట్టమని అక్కకు చెప్పాను, జూన్‌లో అక్కడ లైన్ ఎట్లుంటుందో నాకు తెలుసు.

దోస్త్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ ఉండాలి. ఇంటికొచ్చి చూస్తే పిల్ల ఆధార్‌కు ఉన్నది మా బావ పాత నంబరు, అది ఎప్పుడో పోయింది. సోమవారం ఆధార్ సెంటర్‌కు పోవాలి. ఆప్షన్లు మాత్రం పిల్లే నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుంది. జడ్చర్ల, గద్వాల, ఆఖరున తను ఇంటర్ చదివిన వనపర్తి. అక్క ఆ పేజీ చూసి, మొదటి రెండూ తారుమారు చెయ్యమని ఇప్పటికీ పోరు పెడుతోంది.