బీడులో అడవి: దట్టంగా నాటడమా, ఉన్న మోళ్లను లేపడమా?

మొక్కలు కొనే ముందు గడ్డి పక్కకు తీసి చూడండి. పాత చెట్ల మోళ్లు కనిపిస్తే బెరడును గోటితో గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే వేరు బతికే ఉంది. ఏ పద్ధతి మేలో తేల్చేది ఆ పచ్చదనమే.

వేరు బతికి ఉంటే నా ఓటు మోళ్లకే. లేచిన పిలకల్లో బలమైనవి మూడు నుంచి ఐదు ఉంచి, మిగతావి కోసేయాలి. ఉంచినవాటికి కింది సగం వరకూ పక్క కొమ్మలు తీసేయాలి. చుట్టూ మీటరు మేర గడ్డి కోసి అక్కడే పరచాలి. పశువులూ నిప్పూ దగ్గరికి రాకూడదు. వేరు ముందే లోతుకు దిగి ఉంటుంది కాబట్టి నీళ్ల ఖర్చు దాదాపు ఉండదు. నైజర్ దేశపు రైతులు 1980ల నుంచి ఇలాగే సుమారు 50 లక్షల హెక్టార్లలో చెట్లను తిరిగి తెచ్చుకున్నారు. లోటల్లా ఒకటే: మోళ్లుగా మిగిలిన జాతులే వస్తాయి. పెద్ద గింజల చెట్ల విత్తనాలను చిన్న పక్షులు మోయలేవు, వాటిని మనమే ఖాళీల్లో నాటాలి.

మట్టి గట్టిపడి, వేరన్నది మిగలని చిన్న స్థలానికి మియావాకి పద్ధతి, అంటే స్థానిక మొక్కలను దట్టంగా నాటడం, సరిపోతుంది. మీటరు లోతు దాకా నేలను గుల్ల చేసి, మాగిన ఎరువు కలిపి, చదరపు మీటరుకు మూడు నుంచి ఐదు స్థానిక మొక్కలు పెడతారు. పొద, చిన్న చెట్టు, పెద్ద చెట్టు కలగలిసి ఉండాలి, ఒకే జాతివి పక్కపక్కన పడకూడదు. రెండు మూడేళ్లు నీళ్లూ కలుపుతీతా తప్పవు. ఎక్కువమంది దెబ్బతినేది ఎరువు దగ్గరే. పచ్చి ఊక మట్టిలో కలిపితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని లాగేసుకుంటాయి, ఆకులు పసుపెక్కుతాయి. పైగా మూడు చొప్పున లెక్కేసినా ఎకరానికి 12 వేల మొక్కలు! అన్నిటికన్నా బాధాకరం, బతికున్న మోళ్ల మధ్య ఇలా తవ్వించడం. వేళ్లన్నీ తెగిపోతాయి.

పెద్ద విస్తీర్ణం, మోళ్లు తక్కువ, దగ్గర్లో అడవి ఉందనుకోండి. అప్పుడు పది మీటర్ల వెడల్పు గుంపులుగా అక్కడక్కడ నాటి, మధ్య నేలను వదిలేయడం మంచిది. గుంపుల్లో త్వరగా పండ్లు కాసే జాతులుంటే పక్షులు వాలి, మిగతా విత్తనాలు అవే తెస్తాయి.

ఒక్క మోడూ లేకుండా పలు రకాల గడ్డి, పూల మొక్కలు తరతరాలుగా ఉన్న నేలైతే అది బీడు కాదు, గడ్డిభూమి. అక్కడ చెట్లు నాటొద్దు. నీడ పడితే ఆ గడ్డీ, దాన్ని నమ్ముకున్న పక్షులూ పోతాయి.