ఛాతీ పట్టీతో హెచ్‌ఆర్‌వీ: నా గొడవంతా ఆటో కరెక్షన్‌తోనే

గుండె బీట్ల మధ్య వ్యవధి ఎంత మారుతోందో చెప్పేదే హెచ్‌ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ). దాన్ని కొలిచే ఛాతీ పట్టీ మీద రెండేళ్ల వాడకం తర్వాత కూడా ఫిర్యాదు లేదు. ఉన్నదల్లా తప్పుగా నమోదైన బీట్లను తనంతట తానే సరిచేసే, యాప్‌లోని ఆటో కరెక్షన్ మీదే.

కరెక్షన్ అసలు వద్దని కాదు. బీట్ల మధ్య సగటు వ్యవధి 900 మిల్లీసెకన్లు, ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ (పక్కపక్క వ్యవధుల తేడాల నుంచి లెక్కగట్టే హెచ్‌ఆర్‌వీ అంకె) 30 ఉన్న మనిషిని ఐదు నిమిషాలు రికార్డు చేస్తే సుమారు 330 బీట్లు వస్తాయి. వాటిలో ఒక్కటి పట్టీకి అందకుండా జారి, రెండు వ్యవధులు కలిసి 1800 అని నమోదైతే చాలు, 30 కాస్తా 76కి ఎగబాకుతుంది. వేళకు ముందే వచ్చే ఎక్టోపిక్ బీట్ ఒక్కటి (600, ఆ వెంటనే 1200) పడినా 50 దాటుతుంది.

ఈ యాప్ మాత్రం ముందు బీట్‌తో 20 శాతం తేడా కనిపిస్తే చాలు, కొట్టేస్తుంది. నిమిషానికి 6 శ్వాసల పరీక్షలో కొలవాల్సిందే ఆ తేడా! పీల్చినప్పుడు గుండె వేగం పెరగాలి, వదిలినప్పుడు తగ్గాలి. గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడి పట్టు బాగా ఉన్నవాళ్లలో 1200 పక్కనే 950 రావచ్చు. యాప్ దాన్ని చెత్త కింద తీసేసి, బలమైన వేగస్‌ను నీరసంగా చూపిస్తుంది. ఎన్ని బీట్లు తీసేసిందో కూడా చెప్పదు.

అందుకే కరెక్షన్ ఆపేసి, ముడి ఆర్‌ఆర్ ఫైలు (బీట్ల మధ్య వ్యవధుల జాబితా) దింపుకుని గ్రాఫ్ చూడటమే మేలు. జారిన బీట్ దాదాపు రెట్టింపు విలువతో నిటారుగా లేస్తుంది. దాన్ని రెండుగా విడగొట్టాలి. ఎక్టోపిక్ పొట్టిగా వచ్చి వెంటనే పొడుగవుతుంది. అక్కడ పక్క విలువల మధ్య అంచనా వేసి నింపాలి. శ్వాస మాత్రం కొన్ని బీట్ల మీదుగా సాగే అల, దాన్ని ముట్టుకోకూడదు. దిద్దాల్సినవి 5 శాతం దాటితే ఆ రికార్డింగ్ వదిలేయడమే.

బీట్లు జారడానికి ఎక్కువసార్లు కారణం పొడి ఎలక్ట్రోడే. తడిపి, ఛాతీ కండరం కింద బిగించి, రెండు నిమిషాలు ఆగి మొదలుపెట్టాలి. వాడాక చెమట ఉప్పు కడిగేయాలి.

మొదట్లో ఎల్‌ఎఫ్-హెచ్‌ఎఫ్ నిష్పత్తిని (హెచ్‌ఆర్‌వీలోని నెమ్మది అలలకూ వేగమైన అలలకూ నిష్పత్తి, యాప్ దీన్నే ఒత్తిడిగా చూపిస్తుంది) తెగ మెచ్చుకున్నాను, ఇప్పుడు దాని వైపే చూడటం లేదు. నిమిషానికి 6 శ్వాసలంటే 0.1 హెర్ట్జ్, అంటే నేరుగా ఎల్‌ఎఫ్ పరిధిలో (0.04–0.15) పడుతుంది. దాంతో ప్రశాంతంగా ఊపిరి తీస్తున్న మనిషికి ఒత్తిడి ఎక్కువని యాప్ రాస్తుంది.

నా గుండె లయ సక్రమంగా ఉంది కాబట్టి, అదే వేళ, అదే భంగిమలో రోజూ చూసుకోవడానికి ఈ పట్టీ నాకు సరిపోతోంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు), పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పనికిరాదు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు మోతాదు మారితే పాత అంకెలతో పోల్చలేం. నిలబడగానే కళ్లు తిరిగేవాళ్లకు రక్తపోటు కొలత కావాలి, దాని సంగతి ఈ పట్టీకి తెలియదు.